మీగడ రంగు కారు

ఇన్వర్‌కార్గిల్‌లో కార్ల పిచ్చి లేని మగవాడు కనబడితే, వాడు కచ్చితంగా పై ఊరి నుంచి వచ్చినవాడే. దేశానికి అట్టడుగున ఉన్న ఊరు, దక్షిణ ధ్రువం నుంచి వచ్చే గాలి మొదట కొట్టేది మన మొహం మీదే. ఇక వేరే సరదాలేముంటాయి? షెడ్డులో పాత ఇంజను విప్పుకుని కూర్చుంటారు. వాన ఆగితే బండి బయటికి తీస్తారు, ఆగకపోయినా తీస్తారు. ఎరోల్ ఫిండ్లే కూడా ఆ కోవలోవాడే. కాకపోతే అతని కారు మూరెడు పొడవే ఉంటుంది. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టింది అది.

నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఊళ్ళో చాలామంది నవ్వారు కూడా. డెబ్బై దాటిన మనిషి వంటింటి బల్ల మీద ఇటుకలు పరుచుకుని కూర్చుంటే నవ్వక ఏం చేస్తారు? కానీ అదే వయసువాడు పొద్దస్తమానం గుర్రప్పందాలు చూస్తూ కూర్చుంటే ఎవరూ నవ్వరు. ఈ లోకం తీరే అంత.

ఆ ఇటుకల కారు మొదట పెట్టెలో వచ్చింది. రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, పైన గుడ్డ కప్పు, ఒకప్పుడు ఇంగ్లండు నుంచి ఓడల్లో దిగిన రకం. పెట్టెలో కాగితం ఎలా చెబితే అలా కడితే, మంచులో వీధి అవతలి నుంచి చూసిన కారులా వస్తుంది. ఇంజను మీది ముందు మూత మీద బుడిపెలు. తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్య వేలు దూరేంత సందు. చక్రాలైతే ట్రాక్టరువి. దాన్ని నిజం కారులా చేయడమే ఎరోల్ పని. బుడిపెలున్న ముక్క తీసి నున్నటి పలక పెడతాడు. పక్కకి తిరిగే ముక్కతో సందు మూస్తాడు. ఇరుసు కాస్త పైకి ఎత్తి బండిని నేలకి దించుతాడు. ఒక వంపు సరిగ్గా రావడానికి ఒక చలికాలం పడుతుంది.

అలా చేసేవాళ్ళకి ఊళ్ళో ఒక క్లబ్బు ఉంది, ఆ క్లబ్బుకి ఒక మడి ఉంది. ముక్కని కోయకూడదు, జిగురు పెట్టకూడదు, రంగు పూయకూడదు. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే వాడుకోవాలి. ఒకసారి ఎవరో కత్తితో ఒక ముక్క అంచు చెక్కాడని తెలిసి, నెలరోజులు అతనితో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఎరోల్ ఆ మడి తప్పేవాడు కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఎందుకంటే అతను కడుతున్నది ఏదో ఒక కారు కాదు. నోలీన్ కారు.

నోలీన్ అతని భార్య. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేది. ఎరోల్ ఉన్ని గిడ్డంగిలో ఉండేవాడు, గొర్రెల ఉన్నిని రంగు చూసి, పోగు చూసి రకాలుగా విడదీసే పని. గిడ్డంగి బయట ఒక మధ్యాహ్నం ఆగిన చిన్న కారుని చూశాడు ముందు, దాన్ని నడిపే మనిషిని ఆ తర్వాత చూశాడు. ఆ కారు ఒకప్పుడు తెల్లటిదట. ఎరోల్ చూసేనాటికి ఎండకీ ఉప్పుగాలికీ పాల మీద మీగడ రంగుకి తిరిగింది. పగలంతా తెలుపులో తేడాలు చూసే కన్ను కదా, చూడగానే మనసులో తరగతి కట్టేశాడు: మేలు రకం, మీగడ వన్నె.

పెళ్ళయింది. పిల్లలు కలగలేదు. నోలీన్ పాత సంగతులు చెప్పే మనిషి కాదు, ఎరోల్ అడిగే మనిషి కాదు. ఆదివారాలు రివర్టన్ దాకా ఆ కారులో వెళ్ళేవాళ్ళు. ఆవిడ నడిపేది, ఇతను ఎడమ సీటులో కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. అతనివి కొంగ కాళ్ళు. సీటు చివరికంటా వెనక్కి నెడితే తప్ప మోకాళ్ళు పట్టేవి కావు. దారిలో మాటలు పెద్దగా ఉండేవి కావు. ఉండాలని ఇద్దరికీ తోచలేదు. తర్వాత తుప్పు కారు అడుగు తినేసింది, పాత ఇనుము కొనేవాడు వచ్చి ఈడ్చుకుపోయాడు. ఇంకెన్నో ఏళ్ళకి నోలీన్ గుండె ఆగింది. ఇల్లు మునుపటిలాగే నిశ్శబ్దంగా ఉంది, కానీ ఇప్పటి నిశ్శబ్దం వేరు. పక్కన మనిషి ఉండగా మాట్లాడకపోవడం ఒక సుఖం, ఎవరూ లేక మాట్లాడకపోవడం శిక్ష.

ఆ శిక్షలోనే ఎరోల్ ఆ పెట్టె కొన్నాడు.

అతని కోరిక ఒక్కటే. బొమ్మ అచ్చు నోలీన్ కారులా రావాలి. ఎంతలా అంటే, ప్రదర్శనలో ఎవరో ఒకరు దాని ముందు ఆగి, తమంతట తాము, "అరె, ఇది నోలీన్ కారు కదూ!" అనాలి. ఆవిడ ఈ ఊళ్ళో తిరిగిందని, ఆ కారు ఈ వీధుల్లో పోయిందని తనకి కాక ఇంకొకరికి గుర్తుండాలి. ఆ మాట వినడానికే అతను ఏటా ఆ బల్ల వెనక కూర్చునేది. పేరు రాసిన కార్డు మాత్రం పెట్టడు. చెప్పాల్సి వస్తే ఇక పోలిక ఏం వచ్చినట్టు అని అతని వాదన. క్లబ్బు కార్యదర్శి గ్లెనిస్ ఏటా పోరుతుంది: "కార్డు పెట్టవయ్యా బాబూ, జనం నువ్వు అమ్మడానికి కూర్చున్నావనుకుంటున్నారు."

పోలికలన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. ఎడమ మడ్‌గార్డు మీద గేటుకి తగిలిన సొట్ట, ఒక పలకని కాస్త వాల్చి తెచ్చాడు. అద్దం తుడిచే వైపర్ ఒక్కటే ఉంటుంది, రెండోది ఎప్పుడో గాలికి పోయింది. ముక్కు మీద కంపెనీ బిళ్ళ ఊడిపోయిన చోట నోలీన్ కారుకి పావా అనే సముద్రపు చిప్ప ముక్క ఒకటి అంటించి ఉండేది, నెమలి మెడలా నీలమూ ఆకుపచ్చా కలిసి మెరుస్తూ. దానికి సరిపడే చిన్న గుండ్రటి ఇటుక దొరకడానికే రెండేళ్ళు పట్టింది. ఎడమ సీటుని ఒక బుడిపె వెనక్కి జరిపి పెట్టాడు, తన కాళ్ళ కోసం.

రంగే కుదరలేదు. కొత్త తెల్ల ఇటుకలు పళ్ళ పేస్టులా ఉంటాయి. గోధుమ రంగువి బిస్కెట్టులా ఉంటాయి. మీగడ రంగు ఏ కంపెనీవాడూ చేయడు. రంగు పూయడానికి మడి ఒప్పుకోదు. అలా తల పట్టుకున్న రోజుల్లో, పాత సామాను చవగ్గా అమ్మే ఒక ధర్మపు కొట్టులో, ఏ పిల్లాడో ఏళ్ళ తరబడి కిటికీ గట్టు మీద వదిలేసిన ఇటుకల సంచి కనబడింది. తెల్ల ఇటుకలు ఎండకి పసుపెక్కి ఉన్నాయి. ఎరోల్ ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. సంచి మొత్తం కొనేశాడు.

ఆ తర్వాత అతను చేసింది మళ్ళీ పాత పనే. క్లబ్బులో ముక్కలు మార్చుకునే బల్ల దగ్గర అందరూ ఏరి పక్కన పారేసిన పసుపెక్కిన ఇటుకలు తెచ్చుకునేవాడు. పెరటి గడప మీద కూర్చుని, ఉన్ని చూసినట్టే దక్షిణపు వెలుతురులో పెట్టి చూసి, వన్నెవారీగా డబ్బాల్లో వేసేవాడు. ముదురువి అడుగుకి, లేతవి పైకి. సరిగ్గా మీగడవి మాత్రం ముందు మూతకి. వందలు చూస్తే నాలుగు పనికొచ్చేవి.

క్లబ్బువాళ్ళకి అదంతా ఏం తెలుసు? పిసినారితనం అనుకున్నారు.

"ఏంటి ఎరోల్, పళ్ళూ ఇటుకలూ ఒకే రంగులో ఉండాలని పంతమా?" అని గ్లెనిస్ అందరి ముందూ అనేది. జనం పగలబడి నవ్వేవాళ్ళు. ఎరోల్ కూడా ఒక అరనవ్వు నవ్వి, తన ముక్కలు జేబులో వేసుకునేవాడు.

నవ్వనివాడు ఒక్కడే, డిండో. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాడు, ఈడెన్‌డేల్ వైపు ఆవుల ఫారంలో పాలు పితికే పని. భార్యాబిడ్డలతో ఫారం ఇంట్లోనే ఉంటాడు. ఎరోల్ ఇటుకలు ఏరుకోవడం చూసి అతనికి నవ్వు రాలేదు, జాలేసింది. ఒకసారి ఇంటికెళ్ళి భార్యతో అన్నాడట: "పాపం, కొత్తవి కొనుక్కునే స్తోమత లేదేమో ఆ పెద్దాయనకి. అడిగితే నొచ్చుకుంటాడు." అప్పటినుంచి మీటింగుకి వచ్చినప్పుడల్లా ఒక డబ్బాలో వేయించిన నూడుల్స్ తెచ్చి ఎరోల్ పక్కన పెట్టేవాడు. "ఎక్కువైపోయాయి సార్, తినండి" అనేవాడు. ఎరోల్ తినేవాడు. ఎందుకు తెస్తున్నావని అడగలేదు.

ఈ ఏడాది వేసవికి రంగు కుదిరింది. ఆఖరి మూత ముక్క దొరికింది. ప్రదర్శనకి వారం ఉందనగా ఎరోల్ కారుని రెండు చేతుల్లో పట్టుకుని పెరటి గడప మీదికి తెచ్చాడు, బయటి వెలుతురులో మొత్తంగా ఒకసారి చూసుకుందామని. అప్పుడే వాన వెలిసింది. మెట్టు మీద నాచు ఉంది. చూస్తున్నది కారు వైపు, అడుగు వేసింది నాచు మీద.

కారు వేయి ముక్కలై పెరడంతా చిమ్మింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. పక్కింటావిడ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మోచేతి దాకా కట్టు కట్టి పంపారు. మర్నాడంతా అతను ఒంటి చేత్తో, గడ్డిలో మోకాళ్ళ మీద పాకుతూ ముక్కలు ఏరి బిస్కెట్ల డబ్బాలో వేశాడు. పొరుగువాళ్ళు కంచె మీంచి చూసి ఏమనుకున్నారో వాళ్ళకే తెలియాలి.

రెండు రోజులకి డిండో వచ్చాడు, ప్రదర్శనకి మోడళ్ళు పోగు చేసే పని ఆసారి అతనిది. డబ్బా చూశాడు, కట్టు చూశాడు.

"అయ్యయ్యో! ఎంత పనైంది సార్! నేను కడతానుండండి. నా ఫోన్లో మీ కారు ఫొటోలు బోలెడున్నాయి, పోయినేడు తీసినవి."

"వద్దులే డిండో. ఈ ఏడాదికి మానేస్తా."

"మానేయడం ఏంటి సార్? మీ బల్ల ఖాళీగా ఉంటే ఎలా? ఒకరిది పడిపోతే ఇంకొకరం కట్టిపెట్టడం లేదూ? నా ఇంజను పడేస్తే మీరు కట్టలేదా?"

నిజమే, కట్టాడు. ఎరోల్ డబ్బా వైపు చూశాడు. రంగు గురించి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఆ మాట చెప్పాలంటే నోలీన్ పేరు ఎత్తాలి. నోలీన్ పేరు పైకి పలికి ఎన్నాళ్ళయిందో. పలికితే గొంతు ఏమవుతుందో అతనికి నమ్మకం లేదు. "జాగ్రత్త" అని మాత్రం అన్నాడు. డిండో డబ్బాని పసిపిల్లలా గుండెలకి హత్తుకుని తీసుకెళ్ళాడు.

అతను వెళ్ళాక, చెత్తబుట్ట బయట పెడుతుంటే మెట్టు పగులులో ఒక ఇటుక కనబడింది. ముందు మూత ముక్క, సరిగ్గా మీగడ. ఎరోల్ దాన్ని తుడిచి స్వెటరు జేబులో వేసుకున్నాడు, ప్రదర్శన రోజు ఇవ్వొచ్చని.

ప్రదర్శన చర్చి హాల్లో. తలుపు దగ్గర పళ్ళేల్లో వేడి వేడి చీజ్ రోల్స్, ఆ వాసనకే సగం జనం వస్తారు. డిండో ముందే వచ్చి కూర్చున్నాడు. బల్ల మీద తువ్వాలు కప్పి ఉంది. ఎరోల్‌ని చూడగానే లేచి నిలబడ్డాడు, మొహం వెలిగిపోతోంది.

"కళ్ళు మూసుకోండి సార్."

"ఎందుకు?"

"మూసుకోండి మరి!"

తువ్వాలు తీశాడు. ఎరోల్ కళ్ళు తెరిచాడు.

కారు తెల్లగా ఉంది. పాల తెలుపు కాదు, మంచు తెలుపు కాదు, పళ్ళ పేస్టు తెలుపు.

"పసుపెక్కిన ముక్కలన్నీ జాడీల్లో వేశాను సార్, పెరాక్సైడ్ పోసి, ఎండలో పెట్టాను. జుట్టు రంగు తీస్తారే, ఆ మందు. పొద్దున పాలు పితికి వచ్చి తిప్పడం, మళ్ళీ సాయంత్రం పితికి వచ్చి తిప్పడం. మన ఎండకి వేడి లేదు గానీ పదును ఉంది కదా, నాలుగు రోజుల్లో పసుపంతా పోయింది! మా ఆవిడ తిట్టిపోసింది, ఇల్లంతా క్షౌరశాల కంపు అని. ఒక్క ముక్క తక్కువొచ్చింది, కొత్తది వేశాను." ఊపిరి తీసుకుని, మెల్లగా అడిగాడు: "బాగుందా సార్?"

అన్నేళ్ళ ఏరుడు, ఆ కిటికీ గట్ల మీద ఎన్నో వేసవుల ఎండ నింపిన రంగు, నాలుగు రోజుల ఎండలో కొట్టుకుపోయింది. తిట్టాలనుకున్నాడు. ఎదురుగా ఉన్న మనిషి చేతులు చూశాడు. మందుకి వేళ్ళ కొసలు తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి. అలాంటి చేతుల్ని ఏమని తిడతాడు?

"బాగుంది" అన్నాడు.

కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు కనబడింది, ఎడమ సీటు కూడా ముందుకి వచ్చేసింది. ఫొటోల్లో సరిగ్గా కనబడలేదేమో, డిండో రెండు సీట్లూ సమానంగా పెట్టేశాడు. తన కాళ్ళకి చోటు లేదు. చెయ్యి పెట్టి జరపబోయాడు, ఎడం చేత్తో పట్టు దొరకలేదు. వదిలేశాడు.

గ్లెనిస్ వచ్చి చూసి చప్పట్లు కొట్టింది. "ఇన్నాళ్ళకి కారులా ఉంది బాబూ! ఏం ఎరోల్, పళ్ళు కూడా డిండోకి ఇచ్చేయి, తోమి పెడతాడు!" వచ్చేపోయేవాళ్ళు ఆగి మెచ్చుకున్నారు. అంతమంది ఎప్పుడూ ఆగలేదు. ఆ మెప్పు ఒక్కొక్కటీ ఎరోల్‌కి ముల్లులా గుచ్చుకుంది. ఇక ఎవరూ గుర్తుపట్టరు. ఇది నోలీన్ కారు కాదు, కొట్టులో కారు. కోటు కింద పెట్టుకుని ఇంటికి పోదామనిపించింది. కట్టు కట్టిన చేత్తో దాన్ని ఎత్తలేడు. ఎత్తమని ఒకరిని అడగాలి. అడగలేదు. అలాగే కూర్చుండిపోయాడు, చుట్టూ హాలు నిండా జనం, జేబులో ఒక ఇటుక.

మధ్యాహ్నం వడగళ్ళు పడ్డాయి. తడవకుండా లోపలికి పరిగెత్తుకొచ్చిన వాళ్ళల్లో ఒక పొట్టి ముసలావిడ ఉంది. చేతిలో చీజ్ రోల్, నెత్తిన ఉన్ని టోపీ. బల్లల మధ్య నుంచి నములుతూ వచ్చి, ఎరోల్ బల్ల దాటి రెండడుగులు వేసి, ఆగిపోయింది. వెనక్కి వచ్చింది. కళ్ళద్దాలు పైకి నెట్టి, కారు ముక్కు దాకా వంగింది.

"ఏవండీ, ఈ కారు నోలీన్‌ది కదూ?" అంది.

ఎరోల్ కుర్చీలోంచి సగం లేచాడు.

"అదే! దీని పావా చూడండి! ఇది అంటించింది నేనే. టిటీ అనే సముద్రపు పిట్టలుండే దీవి నుంచి తెచ్చాను, మా మావయ్య పడవలో. జిగురు ఆరేదాకా చిటికెన వేలుతో నొక్కి పట్టుకుంటే వేలే అంటుకుపోయింది. అది నవ్వి నవ్వి రోడ్డు మీద కూలబడిందనుకోండి!"

"నోలీనా?" అన్నాడు ఎరోల్. తనకి తెలిసిన నోలీన్ నవ్వితే పెదవుల దగ్గరే ఆగేది.

"మరెవరు? దాని నవ్వు బ్లఫ్ రేవులో మొదలెడితే స్టువర్ట్ దీవికి వినబడేది. ఎంత అల్లరిదండీ బాబూ! ఓరెటి సముద్రపు ఒడ్డున కప్పు దించేసి, గొంతు చించుకుని పాడుతూ నడిపేది. పక్కన నేను, నా వెనక ఆల్చిప్పల సంచి. ఆ సంచి పట్టడానికే సీటు ఇదిగో, ఇలా ముందుకి లాగేవాళ్ళం. నేను పొట్టిదాన్ని కాబట్టి సరిపోయింది." ఆవిడ వేలు బొమ్మ ఎడమ సీటు మీద ఆగింది. "ఇంత తెల్లగా ఉండేది! ఇద్దరం గుడ్డ తడిపి తుడుస్తూనే ఉండేవాళ్ళం. పోయినేడాది కూడా వచ్చానండీ ఇక్కడికి, ఇక్కడేదో పసుపు బండి ఉంటే చూడకుండానే పోయాను."

ఎరోల్ బల్ల అంచు పట్టుకున్నాడు. పోయినేడాది కూడా తను ఇక్కడే కూర్చున్నాడు.

"నా పేరు పాట్సీ లెండి. రేవులో ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పనిచేసేదాన్ని. నేను ఆస్ట్రేలియా పోతూ దాన్నీ రమ్మన్నాను. రానంది. చాలా మాటలు అనుకున్నాం, రేవులోనే, అందరూ చూస్తుండగా. నేను ఉత్తరం రాయలేదు, అది రాయలేదు. రెండేళ్ళ కిందట తిరిగొచ్చాను." చుట్టూ హాలంతా కలయజూసింది, టోపీ సర్దుకుంది. "మరి మీకెలా తెలుసు ఈ కారు? ఎవరు మీరు?"

"నేను నోలీన్ భర్తని."

"అది పెళ్ళి చేసుకుందా!" పాట్సీ నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "ఏదీ, ఎక్కడుంది? పిలవండి దాన్ని. నేననగానే దాక్కుందా ఏం?"

ఇన్నేళ్ళుగా ఈ మాట కోసమే కూర్చున్నాడు. వచ్చింది. వచ్చిన మనిషి నోలీన్ కోసం హాలు వెతుకుతోంది.

"లేదు" అన్నాడు ఎరోల్. "నోలీన్ లేదు. పోయింది. నాలుగేళ్ళయింది."

పాట్సీ చేతిలో రోల్ అలాగే ఉండిపోయింది. గ్లెనిస్ ఎక్కడో మైకులో లాటరీ నంబర్లు చదువుతోంది. పాట్సీ మెల్లగా వంగి బల్ల మీద మోచేతులు ఆనించి కారు వైపు చూస్తూ ఉండిపోయింది. అప్పుడు అడిగింది:

"పావా పీకేయలేదా?"

"లేదు. చివరిదాకా ఉంది. నేను తనే పెట్టుకుందనుకున్నా. అడగలేదు."

"నా మీద కోపంతో పీకేసుంటుందనుకున్నాను." కళ్ళద్దాలు తీసి టోపీ అంచుతో తుడుచుకుంది. "చివరిదాకా ఇలా తెల్లగానే ఉంచిందా?"

ఎరోల్ జేబులోంచి ఇటుక తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. "ఈ రంగుకి వచ్చింది."

ఆవిడ దాన్ని కిటికీ వైపు తిప్పి చూసింది. "ఈ రంగులో నేను చూడనే లేదు" అంది. అతను "నేను తెల్లగా చూడలేదు" అన్నాడు. వడగళ్ళు వెలిశాయి. ఆవిడకి బ్లఫ్ బస్సు వేళయింది. ఇటుక తిరిగి ఇవ్వబోతే ఎరోల్ ఆవిడ వేళ్ళు మూసేశాడు. "ఉంచుకోండి" అన్నాడు. మళ్ళీ వస్తానని ఆవిడా అనలేదు, రమ్మని అతనూ అనలేదు. తలుపు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగి, అతన్ని కాదు, కారుని చూసి వెళ్ళిపోయింది.

ఎరోల్ ఒంటరిగా కూర్చుని ఎడమ సీటు వైపు చూశాడు. అందులో తను లేడు. పాడుతూ నడిపే ఆ నోలీన్ పక్కన తను ఎప్పుడూ లేడు. నలభై ఏళ్ళు పక్కన కూర్చుని, నువ్వెందుకు పాడటం మానేశావని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. అడిగితే చెప్పేదేమో. పాడేదేమో కూడా. అతనికి ఏడుపొచ్చింది. కట్టు ఉన్న చేత్తో మొహం తుడుచుకోబోతే ముక్కుకి తగిలింది.

సాయంత్రం హాలు ఖాళీ అవుతుండగా డిండో తువ్వాలుతో వచ్చాడు. పొద్దుటి సంతోషం మొహంలో లేదు. పాలు పితకడం మానుకుని రోజంతా దూరం నుంచి ఈయన్ని కనిపెట్టి చూస్తూనే ఉన్నట్టున్నాడు.

"సార్, ఒక మాట అడగనా? ఏదో తప్పు చేశాను కదా? సీటు... ఆ సీటు సరిగ్గా పెట్టలేదేమో అని ఇందాకట్నుంచీ అనుమానంగా ఉంది. ఒక్క బుడిపే కదా, జరిపేస్తాను."

పొక్కిన వేళ్ళు సీటు మీదికి వచ్చాయి. ఎరోల్ ఆ చేతిని ఆపాడు.

"ఉండనీ. సరిగ్గానే పెట్టావు."

"రంగు?"

"రంగూ సరిగ్గానే ఉంది." గొంతు ఏమవుతుందోనని ఇన్నాళ్ళూ భయపడిన ఆ పేరు పైకి అన్నాడు. "ఇది మా నోలీన్ కారు, డిండో."

డిండో కారు వైపు చూశాడు, ఎరోల్ వైపు చూశాడు. క్లబ్బులో ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చుని, తను తెచ్చిన నూడుల్స్ తిన్న మనిషి.

"నోలీన్ అంటే ఎవరు సార్?" అన్నాడు.

ఎరోల్ మంచి చేత్తో పక్కనున్న కుర్చీని లాగి అతనికి వేశాడు.